ఇనుములో ఉందా, కాగితంలో ఉందా?

ఇద్దరూ ఓడల మనుషులే. మావయ్య విశాఖలో క్లాస్ సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. ఓడ కడుతున్నన్నాళ్ళూ టార్చీ, టేపూ, చిన్న సుత్తీ పట్టుకుని అడుగు ట్యాంకుల్లో పాకి, వెల్డింగులు చూసి, సంతకం పెట్టడమో పెట్టననడమో ఆ ఉద్యోగం. అల్లుడు ఆయన అక్కగారబ్బాయి. నేవల్ ఆర్కిటెక్చర్ చదివి, ఇప్పుడు యూరప్‌లో పెద్ద ప్రయాణికుల ఓడలు డిజైన్ చేసే ఆఫీసులో ఉన్నాడు. విశాఖ సింధియాలో మావయ్యగారి డాబా మీద వీళ్ళకు మాటా మాటా పెరిగిన సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. ఒకరు చెబుతుంటే ఆయనదే న్యాయం అనిపిస్తుంది. రెండోవారు అందుకోగానే ఆ నమ్మకం పోతుంది. ఉండబట్టలేక నేను చేర్చిన ముక్కలు బ్రాకెట్లలో ఉన్నాయి.

అల్లుడు: కోప్పడనంటే ఒక మాట చెబుతాను మావయ్యా. సోలాస్ అనే అంతర్జాతీయ ఓడ భద్రతా ఒప్పందంలో ఓడ నిర్మాణం మీద రాసిన రూల్సు సగం ఎప్పుడో మునిగిన ఓడల పోస్టుమార్టం రిపోర్టులే. టైటానిక్ పోయింది, లైఫ్‌బోట్లను జనాన్ని బట్టి లెక్కపెట్టడం మొదలెట్టారు. 1934లో న్యూజెర్సీ తీరాన మోరో కాజిల్ తగలబడింది, చెక్క గోడలు వద్దన్నారు. 1994లో ఎస్తోనియా పోయింది, కార్ల డెక్కు మీద నీళ్ళు చేరితే ఏమిటని అడిగారు. రేపు మునగబోయే ఓడ గురించి ఏ పేజీలోనూ ఉండదు.

మావయ్య: ఉండదు సరే. రేపు మునగబోయే ఓడ నీకు కనిపిస్తోందా?

అల్లుడు: కొంతవరకు కనిపిస్తుంది. ఓడకు ఎక్కడెక్కడ దెబ్బ తగలొచ్చో వేల రకాలుగా ఊహించి, ఒక్కోదానికీ అది నిలబడుతుందో లేదో లెక్క కడుతున్నాం. అందుకే అంటున్నాను. 'ఇన్ని గోడలు కట్టు, ఇంత ఎత్తు కట్టు, ఇన్ని పడవలు పెట్టు' అనే నంబర్ల రూల్సు మానేసి, 'ఓడ ఇంతసేపు తేలాలి, జనం ఇంతలో దిగిపోవాలి' అని ఫలితం అడగండి. ఎలా సాధించాలో డిజైనరుకు వదిలేయండి.

మావయ్య: డిజైనరుకు వదిలితే డిజైనరు ఎవరికి వదులుతాడు? జీతమిచ్చేవాడికి. ఓడ ఓనరు 'ఈ గోడ నా రెస్టారెంటుకు అడ్డం' అంటాడు. నువ్వు 'రూలు సార్' అంటే ఆగుతాడు. 'నా లెక్క సార్' అంటే ఇంకోసారి లెక్క కట్టమంటాడు. రూలున్నది ఓడ ఎలా కట్టాలో నేర్పడానికి కాదురా. కొన్ని విషయాలు బేరానికి రాకుండా చూడటానికి.

అల్లుడు: బేరానికి రాకుండా పెట్టిన నంబరే జనాన్ని ముంచిన కథ మీకు తెలియంది కాదు. 1894 నాటి బ్రిటిష్ బోర్డ్ ఆఫ్ ట్రేడ్ పట్టిక తీయండి. ఓడ టన్నేజీని బట్టి ఎన్ని పడవలుండాలో వరసగా రాసుకుంటూ పోయి, 'పది వేల టన్నులు, ఆపైన' దగ్గర ఆగిపోయింది. పదహారు పడవలు. అప్పటికి అంతకన్నా మరీ పెద్ద ఓడలు లేవు. 1912కి టైటానిక్ 46 వేల టన్నులు. చట్టం అడిగింది పదహారు, ఓడలో ఉన్నవి ఇరవై. అడిగినదానికన్నా నాలుగు ఎక్కువ పెట్టి చట్టాన్ని దాటి వెళ్ళారు. ఆ ఇరవై పడవల్లో చోటు 1,178 మందికి. ఓడలో ఉన్నది సుమారు 2,200 మంది. కనీసం ఇంత అని రాసిన నంబరు, ఇంతకు మించి అక్కర్లేదన్న నంబరు అయి కూర్చుంది.

మావయ్య: పడవల సంగతి అందరూ చెబుతారు. గోడల సంగతి చూడు. పదిహేను అడ్డ బల్క్‌హెడ్లు, పదహారు గదులు. ఏ రెండు గదులు నిండినా తేలాలి, ముందువైపు నాలుగూ నిండినా తేలాలి. అది అప్పటికి మంచి డిజైనే. మంచుకొండ అంతకన్నా ఎక్కువ గదులు కోసింది. ముక్కు కిందికి దిగింది. ఇక గోడ ఎత్తెంత? చాలా గోడలు నీటి మట్టం మీద కొద్ది అడుగులు లేచి ఆగిపోయాయి. ముక్కు దిగేకొద్దీ ఒక గదిలో నీళ్ళు గోడ నెత్తి మీంచి పక్క గదిలోకి. అక్కడినుంచి ఆ పక్క గదిలోకి. రెండు గంటల నలభై నిమిషాలు. గోడ ఎంత పైకి పోవాలన్నది ఓడ కట్టినవాళ్ళే తేల్చుకున్నారు. చెయ్యి పట్టుకునే నంబరు అక్కడ లేదు.

అల్లుడు: తర్వాత దాని చెల్లెలు ఓడ బ్రిటానిక్‌కు మీరడిగినవన్నీ చేశారుగా. రెండు పొరల హల్ వేశారు, గోడలు పైకి లేపారు. 1916 నవంబరులో గ్రీసు దగ్గర సముద్రపు మందుపాతర తగిలితే ఎంతసేపట్లో మునిగింది? యాభై ఐదు నిమిషాలు. అక్క కన్నా తొందరగా! అప్పుడది ఆసుపత్రి ఓడ. వార్డుల్లో గాలి ఆడటానికి కింది కిటికీలు తెరిచి పెట్టారు. ఓడ ఒరిగేసరికి నీళ్ళు వాటిలోంచి వచ్చాయి. గోడ ఎంత ఎత్తున్నా ఏం లాభం?

మావయ్య: బ్రిటానిక్‌లో వెయ్యిమందికి పైగా ఉంటే పోయినవాళ్ళు ముప్ఫై. పగటిపూట, తీరం దగ్గర, పడవలు అందరికీ చాలినన్ని. అదికూడా చెప్పు మరి.

(పడవల సంఖ్యను రూలు చేసిన మొదటి సోలాస్ ఒప్పందం లండన్‌లో 1914 జనవరిలో 13 దేశాల ప్రతినిధులు కూర్చుని రాసింది. ఆ ఏడే యుద్ధమొచ్చి అది అమల్లోకే రాలేదు. తర్వాత 1929, 1948, 1960, 1974. ఇప్పుడు నడుస్తున్నది 1974 నాటిదే, దాని మీద పడ్డ సవరణలతో సహా. అంతర్జాతీయ ప్రయాణంలో పన్నెండు మందికి మించి ప్రయాణికులను ఎక్కిస్తే చాలు, ఈ లెక్కల్లో అది ప్రయాణికుల ఓడే.)

అల్లుడు: మీకిష్టమైన 76 మిల్లీమీటర్ల గీత సంగతి చెప్పండి. దెబ్బ తగిలి ఓడ ఎంత మునిగినా, అడ్డగోడలు వెళ్ళి ఆగే బల్క్‌హెడ్ డెక్కుకు 76 మిల్లీమీటర్ల కింద గీసిన ఊహారేఖ నీళ్ళలోకి పోకూడదని ఉండేది. మార్జిన్ లైన్. ఎందుకు 76? మూడంగుళాలు కాబట్టి. ఎవరో ఒక రోజు మూడంగుళాలన్నారు, దశాబ్దాల పాటు ప్రపంచం మొత్తం ఓడలు ఆ మూడంగుళాల చుట్టూ తిరిగాయి. దాని వెనక సైన్సేమిటి?

మావయ్య: సైన్సు లేకపోవచ్చు, కానీ నేను టేపు పెట్టి కొలవగలను. నీ వేల రకాల దెబ్బల లెక్క నాకు డ్రై డాకులో ఎక్కడ కనిపిస్తుంది?

అల్లుడు: కనిపించదు. అయినా అది మీ గీత కన్నా నిజం చెబుతుంది. పాత రూలు ఏమంది? పక్కపక్కన ఉన్న రెండు గదులు నిండినా తేలాలి. మరి మూడు నిండితే? దాని గురించి మాట్లాడదు. 2009 నుంచి వచ్చిన పద్ధతిలో ఒక్కో దెబ్బకూ అది తగిలే అవకాశం ఎంత, తగిలితే ఓడ బతికే అవకాశం ఎంత అని గుణించి అన్నీ కూడతాం. ఆ మొత్తం పేరు 'ఏ'. కనీసం ఎంత ఉండాలో రూలు చెప్పేది 'ఆర్'. ఏ ఎప్పుడూ ఆర్‌కి తగ్గకూడదు.

మావయ్య: ఆర్ ఎంత? ఒకటా?

అల్లుడు: ఒకటి కాదు. ఒకటి కన్నా తక్కువే. ఓడలో ఎంతమంది ఉంటారన్నదాన్ని బట్టి మారుతుంది.

మావయ్య: అంటే కొన్ని దెబ్బలకు ఇది మునుగుతుందని ముందే ఒప్పుకుని సంతకం పెడుతున్నారన్నమాట.

అల్లుడు: మీరూ ఒప్పుకునే పెట్టారు మావయ్యా. కాకపోతే మీ రూలు ఆ మాట పైకి అనలేదు.

(ఇక్కడ మావయ్య కాసేపు మాట్లాడలేదు. ఈ వాదనలో అల్లుడు కొట్టిన దెబ్బల్లో గట్టిది ఇదేనని నా ఉద్దేశం.)

మావయ్య: సరే. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకార్డియా రాయిని గీసుకుంది. యాభై మూడు మీటర్ల పొడవున హల్ చీరుకుపోయింది. రెండు గదుల దెబ్బకు కట్టిన ఓడలో వరసగా ఐదు నిండాయి. ఇంజన్ గదులే మునిగితే కరెంటు ఎక్కడిది? అత్యవసర జనరేటరు నిలకడగా పనిచేయలేదు. గాలివాటం దాన్ని తిరిగి తీరం వైపు నెట్టింది కాబట్టి నాలుగు వేలకు పైగా జనంలో పోయినవాళ్ళు ముప్ఫై రెండు. లోతు నీళ్ళలోకి నెట్టి ఉంటే? ఆ తర్వాతే కదా మీవాళ్ళు ఆర్ పెంచింది? 2017లో రాసుకుని 2020 నుంచి అమలు. అల్లుడూ, మరి నీ కంప్యూటరూ ఓడ మునిగేదాకా ఆగిందిగా.

అల్లుడు: ఆగింది. ఎంత పెంచాలో మాత్రం ఊహించి చెప్పలేదు, లెక్క కట్టి చెప్పాం. అయినా పెంచినంత సరిపోదన్నవాళ్ళూ ఉన్నారు, ఎక్కువైందన్న దేశాలూ ఉన్నాయి.

మావయ్య: అదే నేనంటున్నది. మళ్ళీ బేరమే! సరే, కార్ల డెక్కు దగ్గరికి రా. గోడ లేని చోట లెక్క ఏం చేస్తుందో చూద్దాం. రో-రో ఫెర్రీలో కార్లూ లారీలూ ముందు తలుపులోంచి ఎక్కి వెనక తలుపులోంచి దిగాలి. కాబట్టి ఆ డెక్కు మీద అడ్డగోడ ఒక్కటీ ఉండదు. ఈ చివరినుంచి ఆ చివరికి పెద్ద హాలు. నిండా నీళ్ళున్న పళ్ళెం పట్టుకుని నడిచి చూడు, చెయ్యి ఎటు వాలితే నీళ్ళన్నీ అటే పరిగెడతాయి, చెయ్యిని ఇంకా లాగుతాయి. ఆ డెక్కు మీద మోకాలి లోతు నీళ్ళు చాలు.

అల్లుడు: హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్. 1987 మార్చి 6. బెల్జియంలో జీబ్రూగె రేవు. 193 మంది.

మావయ్య: ఆ రేవులో ఏం జరిగిందో పూర్తిగా చెప్పు, పేరు చెప్పి ఊరుకోకు.

అల్లుడు: ఆ ఓడను డోవర్–కలే మధ్య తిరగడానికి కట్టారు. జీబ్రూగె రేవులో వాలు వంతెన పై కార్ల డెక్కుకు అందదు. అందుకని ముక్కు ట్యాంకుల్లో నీళ్ళు నింపి ముక్కును దించేవాళ్ళు. ఆ రోజు ఆ నీళ్ళు పూర్తిగా తోడకుండానే బయల్దేరింది. ముక్కు తలుపులు వేయాల్సిన మనిషి క్యాబిన్‌లో నిద్రపోతున్నాడు. వేశారో లేదో బ్రిడ్జి మీది కెప్టెనుకు తెలిసే దారి లేదు. వేగం అందుకోగానే ముక్కు దగ్గర అల పైకి లేచి తెరిచిన తలుపులోంచి డెక్కు మీదికి వచ్చింది. నిమిషన్నరలో ఓడ పక్కకి పడిపోయింది. ఇసుకతిన్నె మీద సగం ఆగింది కాబట్టి కొందరైనా మిగిలారు.

మావయ్య: కెప్టెన్లు ముందే అడిగారు, తలుపు వేసి ఉందో లేదో తెలిపే ఒక దీపం బ్రిడ్జి మీద పెట్టించమని. ఆఫీసులో పెద్దలు దాన్ని ఎగతాళి చేసి పక్కన పెట్టారు. విచారణలో ఈ ఉత్తరాలన్నీ బయటపడ్డాయి. ఒక బల్బు, రెండు తీగలు, ఒక స్విచ్చు. రూల్లో లేదు కాబట్టి పెట్టలేదు. తర్వాత రూలయింది, ప్రతి ఫెర్రీలోనూ వచ్చింది, ఎవడూ ఖర్చని ఏడవలేదు. ఇప్పుడు చెప్పు, 'ఫలితం చూపించు చాలు' అన్న నీ పద్ధతిలో ఆ బల్బును ఎవడు పెట్టేవాడు?

అల్లుడు: ప్రమాద విశ్లేషణ నిజాయితీగా చేసినవాడు ఎవడైనా.

మావయ్య: నిజాయితీగా, అన్నావు చూడు.

అల్లుడు: మరి మీ నంబరు మీదే నిజాయితీ లేనప్పుడు? ఎస్తోనియా. రూలు ఉంది మావయ్యా. ఓడ ముక్కుకు వెనక, ఇంత దూరంలో కొలిజన్ బల్క్‌హెడ్ ఉండాలి, అది కార్ల డెక్కు పైదాకా సాగాలి అని ఎప్పటినుంచో ఉంది. ఎస్తోనియాలో ఆ పై భాగం పని, కార్లెక్కే లోపలి ర్యాంపుకు అప్పజెప్పారు. అది రూలు చెప్పిన దూరంలో లేదు, మరీ ముందుకి ఉంది. పైగా ముక్కు మూత పైకి లేచే రకం. 1994 సెప్టెంబరు 28 రాత్రి తుఫానులో ఆ మూత తాళాలు విరిగి, అది ఊడుతూ ఊడుతూ ర్యాంపును కూడా లాగేసింది. 852 మంది. టేపు పెట్టి కొలిస్తే తేలే విషయమే. 1980లో కట్టినప్పటినుంచి అలాగే తిరిగింది. ఎవరు కొలిచారు?

మావయ్య: కొలవలేదు. కొలవాల్సినవాళ్ళు ఒకరి మీద ఒకరు వదిలేశారు. అది నా వృత్తికి మచ్చే, కాదనను. కానీ చూడు, తప్పు ఎక్కడుందో పదిహేనేళ్ళ తర్వాత కూడా వేలు పెట్టి చూపించగలిగారు. ర్యాంపు ఇక్కడుండాలి, ఇక్కడ లేదు. అదే లెక్క తప్పితే ఎవడి తప్పో వందేళ్ళకైనా తేలదు.

(ఎస్తోనియా తర్వాత నిపుణులు కార్ల డెక్కు మీద అరమీటరు దాకా నీళ్ళు నిలిచినా ఓడ తట్టుకోవాలన్నారు. 1995లో ప్రపంచ దేశాలన్నీ దానికి ఒప్పుకోలేదు. ఉత్తర యూరప్ దేశాలు కొన్ని మరుసటి ఏడు స్టాక్‌హోమ్ ఒప్పందం పేరుతో తమలో తాము రాసుకున్నాయి. మిగతా సముద్రాల్లో నీళ్ళు వేరే రకంగా ప్రవర్తిస్తాయనుకోవాలేమో.)

అల్లుడు: మంటల సంగతి తీసుకోండి. మీకు ఏ-60 గోడంటే ప్రాణం కదా.

మావయ్య: ప్రాణమే. ఇనుప గోడకి ఒక వైపు కొలిమి పెడతాం. గంట గడిచేసరికి కొలిమిలో వేడి తొమ్మిది వందల డిగ్రీలు దాటుతుంది. అవతలి వైపు సగటున వేడి 140 డిగ్రీలకు మించి పెరగకూడదు. పొగ రాకూడదు, మంట రాకూడదు. గంట అంటే గంటే. ఓడ పొడవునా సుమారు నలభై మీటర్లకొకటి చొప్పున అలాంటి నిలువు గోడలతో అగ్ని మండలాలు. ఒకదాంట్లో మంటొస్తే జనం పక్కదాంట్లోకి నడిచిపోతారు. సముద్రం మధ్య ఫైర్ ఇంజన్ రాదు కదా.

అల్లుడు: 1990 ఏప్రిల్‌లో స్కాండినేవియన్ స్టార్‌లో ఎవరో నిప్పు పెడితే 159 మంది పోయారు. ఆ ఓడ నడవాల్లో గోడ పలకలు మండనివే. రూలు ప్రకారం ఉన్నాయి. వాటి మీద అందం కోసం అతికించిన మెలమైన్ లామినేట్ మాత్రం మండింది. మిల్లీమీటరున్నర మందం. ఆ పలచటి పొర కాలి, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సయనైడు నడవా నిండా. ఎక్కువమంది కాలి చనిపోలేదు, ఆ పొగ పీల్చి పోయారు. గోడను పరీక్షించారు, దాని మీది చర్మాన్ని వదిలేశారు. మీ నంబరు ఏం అడుగుతుందో అదే చూస్తుంది, పక్కనున్నది చూడదు.

మావయ్య: అందుకే తర్వాత పొగ పసిగట్టే సెన్సర్లు, స్ప్రింక్లర్లు, పొగలో పాకుతున్నవాడికి కనిపించేలా నేల దగ్గర దీపాలు వచ్చాయి. పాత ఓడలకు కూడా.

అల్లుడు: పాత ఓడలకు ఎప్పటికి? మండే సామానుతో కట్టిన ముసలి ఓడలను పూర్తిగా పక్కకు తప్పించే గడువు 2010 అక్టోబరు. రూలు రాసింది 1992లో. పద్దెనిమిదేళ్ళు! ఆ మధ్యలో వాటిలో ఎక్కినవాళ్ళ టికెట్టు మీద 'ఈ ఓడకు కొత్త రూలు వర్తించదు' అని ఎవరూ అచ్చు వేయలేదు.

మావయ్య: నువ్వన్న ఈ మాట నిజం. నేను దీనికి జవాబు చెప్పను. ఇంకో సంగతి చెబుతా విను. ఏ-60 గోడ పరీక్షలో పాసవుతుంది. ఓడలో నిలబెడతారు. నేను చూస్తాను, సంతకం పెడతాను. నెల తర్వాత ఎలక్ట్రీషియన్లు వస్తారు. ఒక కేబుల్ పోవాలి. గ్యాస్ కట్టర్‌తో ఇంత కన్నం కొడతారు. కేబుల్ చుట్టూ నింపాల్సిన సీలింగ్ నింపరు, తర్వాత చూద్దాంలే అంటారు. దాని మీద ఫాల్స్ సీలింగ్ వచ్చేస్తుంది. గంట ఆగాల్సిన గోడ ఇప్పుడు ఎంతసేపు ఆగుతుంది? ఒక ఓడలో, యార్డు పేరు చెప్పను, సీలింగ్ పలకలు విప్పించి టార్చి వేస్తే అవతలి నడవాలో ట్యూబ్‌లైటు కనిపించింది. యార్డు మేనేజరు 'లాంచింగ్ తేదీ ప్రింటయిపోయింది సార్' అన్నాడు. నేను కన్నం మీద సుద్దముక్కతో సున్నా చుట్టి వచ్చేశాను. నింపేదాకా సంతకం లేదు. ఆ సున్నా మీద నీ ప్రాబబిలిటీ లెక్కతో ఎలా నిలబడతావు? వాడు అడుగుతాడు, 'ఒక్క కన్నానికి ఎంత పర్సెంటు తగ్గుతుంది సార్?' అని.

అల్లుడు: నవ్వొస్తోంది గానీ, వాడలాగే అడుగుతాడు.

మావయ్య: ఇప్పుడు సెవోల్ చెప్పు.

అల్లుడు: మీరే చెప్పండి, అది మీ వైపు సాక్ష్యం.

మావయ్య: జపాన్‌లో పాతబడ్డ ఫెర్రీని కొరియావాళ్ళు కొన్నారు. పైన క్యాబిన్లు పెంచారు. ఓడ తల బరువెక్కింది. లెక్క కట్టారు, నీ లెక్కే. 'సరుకు తగ్గించి, అడుగున బాలాస్ట్ నీళ్ళు పెంచితే సరిపోతుంది' అని తేలింది. ఆ షరతు మీద పాస్ చేశారు. ఆ షరతు ఎక్కడుంది? ఫైల్లో. 2014 ఏప్రిల్ 16న సరుకు అనుమతించినదానికి రెట్టింపు పైన, బాలాస్ట్ తక్కువ. గట్టిగా మలుపు తిప్పేసరికి సరుకు ఒక పక్కకి జారింది. 304 మంది, చాలామంది స్కూలు పిల్లలు. నేను ఇన్నేళ్ళూ మొత్తుకున్నది ఇదే. భద్రత ఇనుములో ఉంటే ఓడతోపాటు పోతుంది, ఎక్కడికి పోయినా ఉంటుంది. కాగితంలో ఉంటే ఓనరు అల్మారాలో ఉంటుంది.

అల్లుడు: ఇనుములో ఉన్నదాన్ని పెద్దది చేయడానికి నా పద్ధతే కావాల్సి వచ్చింది మరి. లైఫ్‌బోటులో నూట యాభై మందికి మించకూడదని కోడ్. 2009లో ఫిన్లాండులో కట్టిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్‌లో ఒక్కో బోటుకు 370 మంది. నూట యాభై చొప్పున పెడితే అన్ని వేలమందికి ఓడ పక్కల చోటు చాలదు. పడవల వరస పెరిగేకొద్దీ జనం గుమిగూడే చోట్లు, దించే యంత్రాలు, తప్పులు జరిగే అవకాశం అన్నీ పెరుగుతాయి. అదే స్థాయి భద్రత ఇస్తుందని పరీక్షలతో నిరూపించి పెద్ద పడవకు అనుమతి తీసుకున్నారు. 1950ల నాటి బుర్రతో నూట యాభై దగ్గరే కూర్చుంటే?

మావయ్య: అంత పెద్ద ఓడ కట్టకపోయేవాళ్ళు. దానివల్ల లోకానికి వచ్చిన నష్టమేమిటి?

అల్లుడు: అది ఇంజనీరు మాట కాదు మావయ్యా.

మావయ్య: కాదు, సర్వేయరు మాట. 1956లో ఆండ్రియా డోరియా ఏమయింది? ఇంకో ఓడ ఢీకొన్న వైపు ఖాళీ ట్యాంకులు నిండి ఒక పక్కకి ఒరిగింది. ఆ ఒరుగుకి ఎత్తున ఉన్న వైపు పడవలన్నీ దించడానికి వీల్లేకుండా పోయాయి. సగం పడవలు ఉండీ లేనట్టే. పదకొండు గంటలు తేలింది, చుట్టూ ఓడలొచ్చాయి, కాబట్టి చాలామంది బతికారు. నీ 370 మంది పడవ ఒక్కటి ఇరుక్కుంటే ఎంతమంది?

అల్లుడు: అందుకే ఇప్పుడు ఇరవై డిగ్రీలు ఒరిగినా పడవ దిగాలని ఉంది. అందుకే దెబ్బ తిన్న ఓడ వెంటనే వదిలేసే పని లేకుండా తనంతట తానే రేవుకు చేరగలగాలని 2010 తర్వాతి పెద్ద ఓడలకు పెట్టారు. ఒక ఇంజన్ గది పోతే ఇంకోటి, వంటగది, మరుగుదొడ్లతో సహా. ఇది మీ నంబర్ల రూలు కాదు, నా ఫలితం రూలు. ఓడే లైఫ్‌బోటు కావాలన్నారు, ఎలా అన్నది మాకు వదిలేశారు. ఈ పదేళ్ళలో నేను చేసిన మంచి పనంతా ఆ ఒక్క వాక్యం కిందే చేశాను.

మావయ్య: మంచి రూలే. ఒప్పుకుంటున్నాను.

అల్లుడు: ఇంకో మాట. మనం ఇందాకటినుంచి మాట్లాడుకుంటున్న పెద్ద క్రూయిజ్ ఓడల్లో పోయేవాళ్ళు ఎందరు? 1987లో ఫిలిప్పీన్స్‌లో డోన్యా పాజ్. పోయినవాళ్ళు నాలుగు వేలకు పైనే అంటారు. 2002లో సెనెగల్ ఫెర్రీ లె జోలా, 1,800 మందికి పైగా. అది పట్టేది ఆరొందల లోపు జనం. ఇవేవీ దేశం దాటే ఓడలు కావు, కాబట్టి సోలాస్ వీటి జోలికి రాదు. మన దగ్గర?

మావయ్య: మన దగ్గర రామ్‌దాస్. 1947 జులై, స్వాతంత్ర్యానికి నెల ముందు. ముంబయి రేవునుంచి అవతలి ఒడ్డు రేవస్‌కు పోయే స్టీమరు. ఆరొందల మందికి పైగా.

అల్లుడు: 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు. వరద గోదావరి, మలుపు, రెండంతస్తుల టూరిస్టు బోటు. యాభై మంది దాకా పోయారు. నెలకు పైగా ఆ బోటు నది అడుగునే ఉంది. కాకినాడ నుంచి వచ్చిన బృందం కొక్కేలేసి లాగితే గానీ రాలేదు. ఆ బోటుకు ఏ గది నిండితే ఎంత ఒరుగుతుందో ఎవరైనా లెక్క కట్టారా? అప్పటికి మన నదుల మీద ఉన్న మూల చట్టం 1917 నాటిది. కొత్తది 2021లో వచ్చింది. నేను ఒక్క ఓడ మీద ఖర్చుపెట్టే లెక్కల గంటల్లో నూరో వంతు ఇక్కడ పెడితే ఎక్కువ ప్రాణాలు దక్కుతాయి.

మావయ్య: నదిమీది బోటుకు నీ లెక్క అక్కర్లేదు. పైన డెక్కు మీద ఎంతమంది ఎక్కాలి, నీటి మట్టం మీద ఎంత పక్కగోడ మిగలాలి, వరద ఎంతుంటే రేవు దాటకూడదు. మూడు నంబర్లు. బోటు పక్కన పెయింటుతో రాయాలి. టికెట్టు కొన్న ముసలమ్మ కూడా చదివి 'ఇదిగో గీత మునిగిపోయింది, నేనెక్కను' అనగలగాలి. నీ ఏ, ఆర్ ఆమెకు ఎవరు చెబుతారు?

(ఇక్కడ మాత్రం నేను పూర్తిగా మావయ్య వైపే. కాకపోతే మూడో నంబరుకు రేవులో ఎవరో ఒకరు గేటు వేయాలి. ఆ గేటు ఇనుములో ఉండదు.)

అల్లుడు: సరే, నదికి మీ నంబర్లు, సముద్రానికి నా లెక్కలు.

మావయ్య: అంత సులువుగా పంచుకుంటే ఎలా? ఇప్పుడు నువ్వు చేస్తున్న ఓడలో బల్క్‌హెడ్ డెక్కు కింద ఎన్ని వాటర్‌టైట్ తలుపులు పెట్టావు?

అల్లుడు: కిందంతా కలిపి కాదు గానీ, గొడవ పడ్డ చోట చెబుతాను. సిబ్బంది క్యాబిన్ల వరసలో ఓనరు పది అడిగాడు. వంటవాళ్ళూ, లాండ్రీవాళ్ళూ మెట్లెక్కి దిగకుండా తిన్నగా పోవాలని. చివరికి ఏడుకి తెచ్చాను.

మావయ్య: రూలు ఎన్నంటుంది?

అల్లుడు: నంబరు లేదు. ఓడ పని జరగడానికి తప్పనిసరైనంత మేరకు, వీలైనంత తక్కువ ఉండాలంటుంది.

మావయ్య: చూశావా! నంబరు లేని చోట పది, ఏడు అంటూ బజారులో కూరగాయలు కొన్నట్టు అయింది. ఎలా ఒప్పించావు?

అల్లుడు: ఒక్కో తలుపుకూ, అది తెరిచి ఉండగా దెబ్బ తగిలితే ఎన్ని నిమిషాలు పోతాయో లెక్క కట్టి చూపించాను. ఓనరు మనిషికి అది తలకెక్కలేదు. అప్పుడు రూలు పుస్తకం తీసి 'వీలైనంత తక్కువ' అన్న చోట వేలు పెట్టి, అక్కడ ఏడు అని రాసి ఉన్నట్టే గట్టిగా మాట్లాడాను. ఊరుకున్నాడు.

మావయ్య: మరి నిజంగానే ఏడు అని రాసి ఉంటే నీకీ తిప్పలు ఉండేవి కాదుగా?

అల్లుడు: ఏడు ఎందుకు రాస్తారు మావయ్యా? రూలు రాసే కమిటీలో ఓనర్లూ కూర్చుంటారు. పది అని రాసి ఉండేది.